నలభై అడుగుల కోత

మా కోత మిల్లులో బాయిలర్ నాది. నాది అంటే ఆస్తి కాదు, పని. పొద్దున ఆరు గంటలకు పొయ్యి అంటించేదీ, సాయంత్రం బూడిద తీసేదీ నేనే. ఆడదానివి, నీకీ పనేమిటని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. ఇంట్లో పొయ్యి ముందు కూర్చున్నప్పుడు ఎవరూ అడగలేదు. ఇదీ పొయ్యే, కాకపోతే నోరు కాస్త పెద్దది. నా నోరు అంతకంటే పెద్దదని మా ఆయన అంటాడు. ఉన్న మాటే కాబట్టి నేను కాదనను.

ఈ విద్య మా నాన్నది. అమ్మ పోయేనాటికి నాకు పదిహేడు, తమ్ముడికి ఏడు. నాన్న నాకు పొయ్యినీ అప్పగించాడు, వాణ్నీ అప్పగించాడు. రెండింటికీ వేళకు మేత వెయ్యాలి, రెండూ అలిగితే ఒక పట్టాన దారికి రావు. ముందు ఎండు పేళ్లు పేర్చి మంట నిలబెట్టాలి. అది గట్టిపడ్డాక పచ్చి బెరడు వెయ్యాలి. రంపపు పొట్టు మాత్రం పారతో ఒక్కసారిగా కుమ్మరించకూడదు, మంట ఊపిరాడక చస్తుంది. విత్తనాలు చల్లినట్టు పలచగా చల్లాలి. మా మిల్లు తిండి మా మిల్లే సంపాదించుకుంటుంది. రంపం ఆగితే పొట్టు లేదు, పొట్టు లేకపోతే ఆవిరి లేదు, ఆవిరి లేకపోతే రంపం లేదు. ఈ మూడింటిలో ఏది ముందని మా ఓనరు నన్ను ఒకసారి అడిగాడు. ఆయన పూర్వాశ్రమంలో బడిపంతులు, మామగారు పోతే మిల్లు మీద పడింది. అందరం మాస్టారనే పిలుస్తాం. ముందు నేను అని చెప్పాను.

మా ఆయన రంపం మేస్త్రి. రంపం పక్కన నిలబడి, దుంగను మోసే బండిని ఒక పిడితో ముందుకూ వెనక్కూ నడుపుతాడు. ఆ బండి పట్టాల మీద నడుస్తుంది. దాని మీద దుంగను ఇనుప కొక్కేలతో బిగించి, ఒక్కో కోతకూ ఎంత మందం కావాలో అంత ముందుకు జరిపేవాడు నా తమ్ముడు. దుంగ యార్డులో ఉండగానే సుత్తితో తట్టి, చేత్తో తడిమి, లోపల ఇనుము ఉందేమో చూసి సుద్దముక్కతో గీత పెట్టేదీ వాడే. రంపం తిరుగుతుంటే మిల్లులో ఎవరి మాట వాళ్లకే వినపడదు కాబట్టి మాకు చేతులే భాష. బొటనవేలు ఎత్తితే అంగుళం, పిడికిలి బిగిస్తే ఆపు, అరచెయ్యి తిప్పితే దుంగ తిప్పు. మా ఆయన కుడిచేతికి ఒక వేలు తక్కువ. ఆయన అయిదు చూపిస్తే నాలుగే కనపడతాయి. ఆ లెక్క సరిచేసుకోవడానికి కొత్తవాళ్లకు వారం పడుతుంది.

బావా బావమరుదులు చేతులతో మాట్లాడుకుంటూ దుంగ కోస్తుంటే చూడాలి. ఆయన చెయ్యి లేచేలోపు వీడు దుంగను జరిపేస్తాడు. అంత పొందిక నేను మొగుడూ పెళ్లాల్లో కూడా చూడలేదు, నా కాపురంతో సహా. అయితే ఒకటే చిక్కు. రంపం ఆగిన క్షణం నుంచి ఇద్దరూ ఉప్పూ నిప్పూ. మూడేళ్లుగా వాళ్ల మధ్య మాటల్లేవు. సైగలు పని కింద లెక్క, మాటల కింద కాదు. ఈ తీర్పు ఎవరు చెప్పారో తెలియదు గాని ఇద్దరూ దాన్ని చట్టంలా పాటిస్తున్నారు.

మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం రంపం దుంగలో ఉన్న మేకును పట్టింది. పదకొండు పళ్లు ఊడిపోయాయి. అందులో ఒకటి మాస్టారి గొడుగులోంచి దూసుకుపోయి గోడలో దిగింది. మాస్టారు గొడుగు విప్పి, ఆ కన్నంలోంచి మా అందరినీ ఒక్కొక్కరిగా చూశాడు. ఎవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు. కాని మా ఆయన అందరి ముందూ తమ్ముణ్ని పట్టుకుని, కళ్లున్నాయా నీకు అన్నాడు. వీడు ఊరుకున్నాడా? నాకు కళ్లు లేకపోతే నీకు చెవులు లేవు, టంగుమన్నాక కూడా బండి తోశావు అన్నాడు. ఆ సాయంత్రమే తన పెట్టె భుజాన వేసుకుని మా ఇంట్లోంచి వెళ్లిపోయి, వీధి చివర ఇరుకు గది ఒకటి అద్దెకు తీసుకున్నాడు.

ఆ మేకు కొట్టింది నేను.

దాచడమెందుకు, మీకైనా చెప్పాలి కదా. ఆ దుంగ ఏడాదిగా బాయిలర్ గుమ్మం పక్కనే పడి ఉంది. దాన్ని కోస్తారని నేననుకోలేదు, కూర్చోవడానికి వేశారనుకున్నాను. చీమలు పడుతున్నాయని నా అన్నం డబ్బా తగిలించుకోవడానికి మేకు కొట్టుకున్నాను. తర్వాత అది నా చీరకు పట్టుకుని చింపుతుంటే, పీకడానికి బద్ధకించి, తల విరగ్గొట్టి లోపలికంటా దిగేశాను. సుత్తి దెబ్బలకు నలిగిన బెరడు దాన్ని కప్పేసింది. నా తమ్ముడి కళ్లకే కాదు, ఎవరి కళ్లకైనా అది కనపడదు.

మొదటి రోజు భయమేసి చెప్పలేదు. రెండో రోజు, వాళ్లే చల్లబడతారులే అనుకున్నాను. నెల గడిచాక, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలో తెలియక చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరైనా ఇంటి సామాన్ల కోసం మేకులు కొంటున్నా అక్కణ్నుంచి తప్పుకునేదాన్ని. చెబితే మొగుడూ తమ్ముడూ ఇద్దరూ నాకు దూరమవుతారని నా భయం. చెప్పనందుకు తమ్ముడు ఎలాగూ దూరమయ్యాడు. మొదటి నెల రోజులూ వాడి గదికి అన్నం డబ్బా పంపాను. మూత తియ్యకుండా వెనక్కి పంపాడు. ఆ ఇంటి అన్నం నాకొద్దని కబురు.

ఇంతకంటే నన్ను కాల్చేది ఇంకొకటుంది. ఆ రోజు నుంచి వాడు ప్రతి దుంగనూ మూడేసి సార్లు తడుముతున్నాడు. ఒకసారి చూసి గీత పెడతాడు, వెళ్లిపోతూ వెళ్లిపోతూ ఆగి మళ్లీ వస్తాడు. తన కళ్ల మీద తనకే నమ్మకం పోయింది. నా కళ్ల ముందు పెరిగినవాడు, ఊళ్లో అంత చూపున్నవాడు లేడని పేరున్నవాడు, గుడ్డివాడిలా దుంగల మీద వేళ్లు పెట్టి పాకుతుంటే నేను పొయ్యిలో తల పెట్టుకుని ఏడ్చేదాన్ని. పొగకు కళ్లు ఎర్రబడ్డాయనుకునేవాళ్లు.

ఇలా ఉండగా పడవలు కట్టే పెద్దాయన ఒక దుంగను తోలుకొచ్చాడు. నలభై అడుగుల పొడవు, మొదలు దగ్గర ఏనుగు కాలంత బలుపు. రేవు దాటించే పెద్ద పడవకు అడుగు దూలం కావాలి, అతుకు లేకుండా ఒకే చెక్కలో రావాలి, ఈ కొస నుంచి ఆ కొసకు వెంట్రుకవాసి వంకర ఉండకూడదు. అది సరిగ్గా వస్తే రెండు పడవల పలకలన్నీ ఇక్కడే కోయిస్తానన్నాడు. మా మిల్లుకు అప్పటికి నెలన్నరగా సరైన పని లేదు. పాత ఇనుము కొనేవాడొకడు వచ్చి నా బాయిలర్‌ను వేలితో తట్టి చూసి వెళ్లాడు. వాణ్ని ఆ వేలు పొయ్యిలో పెట్టమనాలనిపించింది. మాస్టారు మాత్రం నన్ను పక్కకు పిలిచి, ఈ దూలం చెడితే ఇక మూసెయ్యడమేనమ్మా అన్నాడు.

చిక్కేమిటంటే, మా బండి పొడవు ఇరవై నాలుగు అడుగులు. అంతకంటే పొడవైన దుంగను ఒకే ఊపులో కొయ్యడం కుదరదు. బండి వెళ్లినంత మేరా కోసి, రంపం ఆపాలి. కోసిన సందు మూసుకుపోయి రంపాన్ని నొక్కెయ్యకుండా అందులో చెక్క ముక్కలు దిగగొట్టాలి. దుంగను దిమ్మెల మీద నిలబెట్టి, కొక్కేలు విప్పి, ఖాళీ బండిని వెనక్కి లాక్కుని, మళ్లీ బిగించాలి. అప్పుడు రంపం తన పాత కోతలోనే నడవాలి. ఒక్క నూలు తేడా వచ్చినా, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, దూలం మధ్యలో మెట్టు పడుతుంది. అందుకని మేస్త్రి రంపం దగ్గర కోతలోకి చూస్తుండాలి, తమ్ముడు నలభై అడుగుల అవతల కొస దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, లాగి కట్టిన దారం మీద చూపు పెట్టి, రెండు చేతులతో దుంగను సరిచెయ్యాలి. మధ్యలో ఏనుగు కాలంత మొదలు అడ్డం. సైగ చేస్తే కనపడదు. అరిచి చెప్పుకోవడమొక్కటే దారి.

ఇది ఇద్దరికీ తెలుసు. అయినా ఎవరూ నోరు విప్పలేదు. మా ఆయన సుద్దముక్క తీసుకుని నేల మీద దుంగ బొమ్మ గీసి, ఎక్కడ ఆపాలో గుర్తు పెట్టి వెళ్లిపోయాడు. కాసేపటికి తమ్ముడు వచ్చి, ఆ గుర్తు చెరిపి రెండడుగులు ఇవతల పెట్టాడు. ఈయన వచ్చి ఒకటిన్నర అడుగులు వెనక్కి జరిపాడు. రెండు రోజులు ఇదే భాగోతం. మూడో రోజు పొద్దున ఊడ్చేవాడు నేలంతా ఊడ్చిపారేశాడు. మళ్లీ మొదటి నుంచి గీశారు. మాస్టారు ఆ బొమ్మ పక్కన నిలబడి, నలభై ఏళ్లు బళ్లో ఉన్నాను గాని ఇంత మొండి పిల్లల్ని చూడలేదన్నాడు.

కోత రోజు నేను తెల్లారకముందే వచ్చాను. పేళ్లలో బాగా ఎండినవి వారం రోజులుగా దాచిపెట్టాను. అవి వేసేసరికి ఆవిరి ఒత్తిడి చూపించే ముల్లు చకచకా లేచి నూరు దాటింది. పొడుగు కోత అంటే ఆవిరిని తాగేస్తుంది. సగంలో ముల్లు పడిపోతే రంపం నీరసపడి వంకర పోతుంది. పెద్దాయన తన పనివాళ్లిద్దరితో వచ్చి గోడవార నిలబడ్డాడు. మా ఆయన పిడి పట్టుకున్నాడు. తమ్ముడు ఆ దుంగను అప్పటికి ఆరుసార్లు తడిమాడు.

మొదటి సగం పాలు తాగినట్టు సాగింది. నేను పొట్టు చల్లుతూ చప్పుడు వింటున్నాను. రంపం బాగుంటే ఒకే శ్రుతిలో పాడుతుంది, బరువెక్కితే గొంతు దించుతుంది. గొంతు దించబోయినప్పుడల్లా నాలుగు పేళ్లు వేశాను. బండి చివరికొచ్చింది, రంపం ఆగింది. సందులో చెక్క ముక్కలు దిగాయి, దుంగ దిమ్మెల మీద కూర్చుంది, బండి వెనక్కొచ్చింది. అప్పుడు మా ఆయన కోతలోకి తొంగి చూసి, తల ఎత్తి, అవతలి కొస వైపు చూసి, నోరు తెరిచి, మళ్లీ మూసుకుని, ఏమే, ఇలా రా అని నన్ను కేకేశాడు.

వెళ్లాను. దుంగ మధ్యలో నిలబెట్టారు నన్ను. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని.

ఈయన, ఇటు రెండు నూళ్లు రమ్మనమను అన్నాడు. నేను అటు తిరిగి చెప్పాను. వాడు, ఎవరి ఇటు అని అడగమన్నాడు. నేను ఇటు తిరిగి అడిగాను. నా ఇటు అన్నాడు ఈయన. వాడు జరిపాడు. ఎక్కువైందని ఈయన. ఎంత ఎక్కువైందని వాడు. కళ్లున్నవాళ్లకు కనపడుతుందిలే అని ఈయన గొణిగాడు. అది నేను చేరవెయ్యలేదు గాని వాడి చెవిన పడనే పడింది. చెవులున్నవాళ్లు ముందు సరిగ్గా వినమను అని జవాబొచ్చింది. ఇంతలో సందులో చెక్క కిర్రుమంది. దుంగ లోపలి బిగువు వదిలి కోత మెల్లగా మూసుకుంటోంది. అదే క్షణాన నా వెనక బాయిలర్ మీద సేఫ్టీ వాల్వు బుస్సుమని లేచింది. ఇంజను ఆగి ఉంది, పొయ్యి నిండా ఎండు పేళ్లు, చూసేవాళ్లు లేరు. వారం రోజుల నా కట్టెలు ఆవిరై కప్పు కింద పొగలాగా పోతున్నాయి. ఇలా ఇంకో పావుగంట పోతే రెండో సగానికి ఆవిరి మిగలదు.

నేనక్కడ నిలబడితే పొయ్యి పోతుంది. వెళ్తే దూలం పోతుంది. రెండూ పోతే మిల్లు పోతుంది. మూడేళ్లుగా అటొక మాట ఇటొక మాట మోసి మోసి నా ఒళ్లు మండిపోయింది. అన్నిటికంటే మండింది నా మీద నాకే.

"ఇద్దరూ వినండి" అన్నాను. "ఆ మేకు కొట్టింది నేను. డబ్బా తగిలించుకోడానికి కొట్టి, తల విరగ్గొట్టి లోపలికి దిగేశాను. వాడి కళ్లకి ఏమీ కాలేదు. మీ చెవులకీ ఏమీ కాలేదు. నేను చెప్పలేదు, అంతే. తిట్టుకుంటారో కొట్టుకుంటారో, ఏదైనా నోటితో చేసుకోండి. నా పొయ్యి దగ్గరికి నే పోతున్నా."

వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తాను. పొయ్యికి గాలి వెళ్లే తలుపు మూసి, తడి పొట్టు రెండు పారలు కొట్టి మంటను కూర్చోబెట్టాను. వాల్వు కాసేపు బుసలు కొట్టి నెమ్మదించింది. అది ఆగాకే నాకు లోపలి గొంతులు వినపడ్డాయి. మొదట ఇద్దరూ ఒకేసారి అరుస్తున్నారు. ఏమరుస్తున్నారో ఒక్క ముక్క అర్థం కాలేదు, నన్నేనని మాత్రం తెలుస్తూనే ఉంది. డబ్బా కోసమా అన్న మాట నాలుగుసార్లు వినపడింది. తర్వాత సందులో చెక్క ముక్కలు దిగగొడుతున్న సుత్తి చప్పుడు వినపడింది.

"ఒక నూలు ఇటు రా" అన్నాడు మా ఆయన.

"చాలా, బావా?"

"ఇంకొంచెం. ఆఁ. అక్కడే. బిగించు."

బావా అన్న మాట మూడేళ్ల తర్వాత విన్నాను. పార మీద గడ్డం ఆనించుకుని నిలబడిపోయాను. ఏడ్చానని చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు, ఈసారి పొగ మీద నెట్టను కూడా. రంపం మళ్లీ అందుకుంది. దాచిన పేళ్లలో మిగిలినవన్నీ వేశాను. ముల్లు ఎనభై దగ్గర కాసేపు తటపటాయించి నిలిచింది. శ్రుతి ఒక్కసారి తగ్గింది. నేను కూర్చునే పీట విరిచి పొయ్యిలో వేశాను. శ్రుతి లేచింది.

దూలం దిగాక పెద్దాయన ఈ కొస నుంచి ఆ కొస దాకా బొటనవేలు రాస్తూ నడిచాడు. మళ్లీ కళ్లు మూసుకుని నడిచాడు. మధ్యలో ఎక్కడ ఆపారో చూపించండి అన్నాడు. ఇక్కడ అని మా ఆయన, కాదు అర అడుగు అవతల అని తమ్ముడు మొదలుపెట్టారు. ఆ వాదన ఇంకా తెగలేదు. పెద్దాయన మాత్రం ఎక్కడైతేనేం అని నవ్వి, పలకల కొలతలు మాస్టారి చేతిలో పెట్టి వెళ్లాడు. మాస్టారు సంతోషం పట్టలేక నాకు కొత్త పీట చేయిస్తానన్నాడు. నాకు పీట వద్దు, గుమ్మం దగ్గర గోడకు ఒక కొయ్య కొట్టించండి చాలన్నాను.

ఇక్కడితో కథ సుఖాంతమని అనుకున్నారేమో. ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ ఒకటి, నేను వేరు. మధ్యాహ్నం పూట రంపాన్ని తిప్పే బెల్టు పక్కన ఒకే చెక్క మీద కూర్చుని మూడేళ్ల కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను అటు వెళ్తే చాలు, ఇద్దరూ కూడబలుక్కున్నట్టు ఆకాశంలోకి చూస్తున్నారు. ఆవిరి తగ్గించాలంటే మాస్టారు వచ్చి, తగ్గించమంటున్నారమ్మా అంటున్నాడు. పెంచాలన్నా పాపం ఆయనే. ఇంట్లో మా ఆయన నీళ్లు కావాలంటే కుండతో చెబుతున్నాడు. చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత. పైగా నిజం చెప్పొద్దూ, ఆ ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తోసుకుంటూ నవ్వుతుంటే పొయ్యి దగ్గర నుంచి చూడటానికి నాకెంతో హాయిగా ఉంది. అంతకంటే హాయి ఇంకొకటి. తమ్ముడు ఇప్పుడు దుంగను ఒక్కసారే చూస్తున్నాడు. గీత పెట్టి, సుద్దముక్క చెవిన పెట్టుకుని వెళ్లిపోతున్నాడు. వెనక్కి తిరగడం లేదు.

మా ఆయన రెండో రోజుకే మెత్తబడ్డాడు. కూరలో ఉప్పు తక్కువైందని అనబోయి, కుండ మీద నుంచి నా మీదికి చూపు తిప్పి, నవ్వేశాడు. తమ్ముడి పంతం అంత తేలిక కాదు. ముందే చెప్పాను కదా, వాడూ పొయ్యీ ఒకటేనని.

అయిదో రోజు సాయంత్రం నేను ఇంట్లో గిన్నెలు దించుతున్నాను. మా ఆయన దీపం తుడుస్తున్నాడు. వాకిట్లో అడుగుల చప్పుడైంది. ఎవరా అని చూస్తే వాడు. గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాడు, వెనక్కి పోడు. తల మీద ఇంకా పొట్టు ఉంది. మా ఆయన దీపం పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. మనిషికి తెలివి లేదంటాను గాని ఒక్కోసారి ఉంటుంది.

"మేకు సంగతి వదిలేశానక్కా" అన్నాడు వాడు నేల చూస్తూ. "పళ్లు ఊడితే కొత్తవి వేసుకున్నాం. కాని మూడేళ్లు నీ చేతి అన్నం లేకుండా పోయింది. అది ఎవరిస్తారు నాకు?"

డబ్బా మూత తియ్యకుండా తిప్పి పంపింది నువ్వే కదరా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"చేతులు కడుక్కుని రా" అన్నాను.